నాలుక తడబడిన చోట

రాసినదాన్ని మళ్ళీ ఒకసారి చదువుకోమంటే పిల్లలు నన్ను శత్రువును చూసినట్టు చూస్తారు. నేను తెలుగు టీచర్ని. గుంటూరు నుంచి ప్రకాశం వైపు పోయే దారిలో, మిరపా పత్తీ తప్ప మరో పంట మాటెత్తని ఒక ఊళ్ళో, జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. కాపురం నల్లపాడులో, రాకపోకలు బస్సులో. వ్యాసం రాయించడం, గంట కొట్టే ముందు "రాసింది చదవండ్రా" అనడం, వాళ్ళు మొహాలు మాడ్చుకోవడం, ఇదీ నా ఉద్యోగం. "రాసేశాం కదా టీచర్, మళ్ళీ చదవడమెందుకు?" అని ప్రతి ఏడాదీ ఎవడో ఒకడు అడుగుతాడు. "కూర వండాక ఉప్పు సరిపోయిందో లేదో మీ అమ్మ చూస్తుందా చూడదా?" అంటాను. "మా అమ్మ చూడదు టీచర్, మా నాన్న కంచం విసిరేశాక తెలుస్తది" అన్నాడొకడు. క్లాసంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది గానీ పైకి నవ్వలేదు. నాకు కోపం ఎక్కువని స్కూల్లో పేరుంది. ఆ పేరుతోనే సగం పని జరిగిపోతుంది.

ఎవరి రాతలో తప్పు వాళ్ళకు కనపడదు. గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారే, అదే. కళ్ళతో చదివితే మనసు తను రాయాలనుకున్నదే చదువుకుంటుంది, కాగితం మీద ఉన్నది చదవదు. అందుకని నేను గట్టిగా చదివిస్తాను. ఇది ట్రైనింగులో నేర్చుకున్నది కాదు. మా నాన్న వారమంతా కూలికి పోయేవాడు, ఆదివారం చర్చిలో వాక్యం చదివేవాడు. శనివారం సాయంత్రం అరుగు మీద కూర్చుని మర్నాడు చదవాల్సింది పైకి చదివి చూసుకునేవాడు. నాలుక తడబడిన చోట పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి, అక్కడ మళ్ళీ మళ్ళీ చదివేవాడు. పిల్లలకు నేను నేర్పింది ఆ చుక్కే. నిలబడి నీ వ్యాసం నువ్వే గట్టిగా చదువు, తడబడిన చోట చుక్క పెట్టు, కూర్చున్నాక ఆ చుక్క దగ్గర ఏం జరిగిందో చూడు. తప్పు తొంభై పాళ్ళు అక్కడే ఉంటుంది. పిల్లలు దీనికి చుక్కల పీరియడ్ అని పేరు పెట్టారు.

ఒకడు వాళ్ళ తాత గురించి రాశాడు. తాత చనిపోయాడు, ఊరంతా వచ్చారు, ఆ తర్వాత తాత ఎడ్లను తోలుకుని ఒంగోలు వెళ్ళాడు అని వరసగా రాసుకొచ్చాడు. గట్టిగా చదువుతూ ఎడ్ల దగ్గరికి వచ్చేసరికి వాడి గొంతు ఆగిపోయింది. "ఏరా, పోయినాయన ఎడ్లనెట్టా తోలాడ్రా?" అని వెనక బెంచీ నుంచి కేక. వాడు సిగ్గుపడి చుక్క పెట్టుకున్నాడు. నేను వేలకొద్దీ మాటలు చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క రోజుతో ఎక్కింది వాళ్ళకి.

ఆ కేక వేసింది మగపిల్లాడు కాదు. వెనక బెంచీలో కూర్చునే ఒక ఆడపిల్ల. తొమ్మిదో తరగతి. కౌలుకు మిరప వేసేవాళ్ళ కూతురు. వట్టి వాగుడుకాయ. నోరు తెరిస్తే మూయదు, కానీ చెవి మాత్రం పాము చెవి. ఎవరు చదువుతున్నా వినేది, "టీచర్, వాడక్కడ తడబడ్డాడు, చుక్క పెట్టకుండా దాటేశాడు" అని పట్టిచ్చేది. పిల్లలకు ఒళ్ళు మండేది. దాని వ్యాసాలు మాత్రం అదెంత మాట్లాడేదో అంత బాగుండేవి. గైడులో వాక్యం ఒక్కటీ ఉండేది కాదు. వాళ్ళింట్లో మాట్లాడుకునే మాటలే తీర్చి రాసేది. అలాంటి పిల్ల ఒక్కటి తగిలితే ఏ టీచరుకైనా ఆ ఏడాది గడిచిపోతుంది. పైకి తిట్టేదాన్ని గానీ నాకు అదంటే ప్రాణం.

నల్ల తామరపురుగు చేల మీద పడిన ఏడాది అది. ఆకు ముడుచుకుపోయి పూత రాలిపోతుంటే రైతులు విడవకుండా మందు కొడుతున్నారు. క్లాసులో సగం బెంచీలు ఖాళీ. పిల్లలందరూ చేలల్లోనే ఉన్నారు, పైపులు లాగడానికి. ఈ పిల్ల కూడా అంతే. తండ్రి అవతలి కొసన స్ప్రే గన్ను పట్టుకుని కొడుతుంటే, మొక్కలు విరగకుండా పైపు అందిస్తూ ఇది ఇవతల నిలబడింది. జాయింటు ఊడింది. మందు తిన్నగా మొహాన కొట్టింది.

అప్పుడే అన్నం తీసుకొచ్చిన తల్లి క్యారేజీ అక్కడే పడేసి పరిగెత్తింది. గట్టు మీద నీలం డ్రమ్ము ఉంది. చెంబుతో ముంచి పిల్ల కళ్ళ మీద పోసింది. పిల్ల అరిచిన కొద్దీ పోసింది. ఆ డ్రమ్ములో తండ్రి రెండో దఫాకి అప్పటికే మందు కలిపి పెట్టాడు. నీళ్ళలో కలిస్తే రంగు తేలని మందు అది. చేను చేనంతా ఒకటే వాసన కొడుతుంటే ఏది నీళ్ళో ఏది మందో ముక్కుకేం తెలుస్తుంది? అవతలి నుంచి తండ్రి కేకలు వేస్తూ వచ్చి చెంబు లాక్కునేసరికి జరగాల్సింది జరిగిపోయింది. ఇలాంటి పొరపాటు మా చేలల్లో తప్ప ఇంకెక్కడా జరగదు. నీళ్ళు పోసి కళ్ళు కడగాలని అందరికీ తెలుసు. ఆ నీళ్ళ కోసం ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పరు.

గుంటూరు పెద్దాసుపత్రిలో చాలా రోజులు ఉంచారు. నల్లగుడ్ల మీది పొర కాలిపోయిందన్నారు. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దన్నారు. నేను చూడ్డానికి వెళితే తల్లి నా చెయ్యి పట్టుకుని, "నేనే గదా టీచరమ్మా పోసింది, నా చేత్తో నేనే పోశాను" అంటూ గోడకేసి తల కొట్టుకుంది. ఏమని ఓదార్చను? ఊరుకోమ్మా అన్నాను. ఆ మాట నాకే చప్పగా వినపడింది.

వార్డులో పలకరించడానికి వచ్చిన వాళ్ళందరూ తల్లినే అడుగుతున్నారు. పిల్ల అన్నం తింటోందా, నిద్రపోతోందా, నొప్పి ఉందా అని. మంచం మీద కట్లతో కూర్చున్న పిల్ల ఉన్నట్టుండి, "నన్నడగొచ్చుగా పెద్దమ్మా? కళ్ళు పోయినయ్ గానీ నేను పోలేదుగా!" అంది. వచ్చినావిడ కంగారుపడి, "అయ్యో తల్లీ" అని మళ్ళీ తల్లి వైపే తిరిగింది. నేను బయటికొచ్చి వరండాలో ఏడ్చాను. కానీ ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది కూడా.

పదో తరగతికి ఆ పిల్ల మళ్ళీ బడికొచ్చింది. తండ్రి బండి మీద దింపిపోయేవాడు. ఆయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, గేటు దగ్గర దింపి తలొంచుకుని వెళ్ళిపోయేవాడు. పిల్ల మొదటి బెంచీకి మారింది. పక్కనవాళ్ళు పాఠం చదివి వినిపిస్తే వింటూ నేర్చుకునేది. చుక్కల పీరియడ్‌లో మాత్రం అదే రాణి. ఎవరు తడబడినా బల్ల మీద వేలితో టక్కున కొట్టేది.

పబ్లిక్ పరీక్ష ఎలా రాస్తుందన్నది ప్రశ్న. చూపు లేనివాళ్ళకి స్క్రైబుని ఇస్తారు. పిల్ల చెబుతుంటే కింది తరగతి వాళ్ళెవరైనా పక్కన కూర్చుని రాయాలి. హెడ్మాస్టరు గారు స్టాఫ్‌రూమ్‌లో ఈ విషయం ఎత్తి, "మంచి రాతగాళ్ళని పెడదాం మేడం, పాపం ఆ పిల్లని ఎవరో ఒకరు గట్టెక్కిస్తారు" అన్నారు. ఆ మాట పిల్ల చెవిన పడింది. ఆ సాయంత్రం నా దగ్గరికొచ్చి, తడుముకుంటూ బల్ల పట్టుకుని నిలబడి చెప్పింది.

"నన్నెవరూ గట్టెక్కించక్కర్లేదు టీచర్. చెయ్యి ఎవరిదైనా కానీండి, మాట నాదే ఉండాల. ఇంట్లో ఏం తినాలో మా అమ్మ చెప్తది, ఆసుపత్రిలో ఎక్కడ నొప్పో డాక్టర్లు చెప్తారు, చుట్టాలొస్తే నా సంగతి నాకే చెప్తారు. పరీక్షయినా నన్ను చెప్పనీయండి. తప్పయితే ఫెయిలే చెయ్యమనండి."

"ఫెయిలెందుకవుతావే పిచ్చిమొహమా" అన్నాను.  

స్క్రైబుగా తొమ్మిదో తరగతిలో ఫస్టొచ్చే అమ్మాయిని తీసుకున్నారు. వాళ్ళ నాన్న ఊళ్ళో పరుపులు కుట్టే ఆయన. నూర్బాషా వాళ్ళు. బాగా నెమ్మదైన అమ్మాయి. ఏకసంథాగ్రాహి, ఒక్కసారి వింటే చాలు, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేది. లోపమల్లా ఒక్కటే, తొందరగా రాస్తే ఆ అమ్మాయి రాత ఆ అమ్మాయికే తెలిసేది కాదు. సంక్రాంతి సెలవులయ్యాక రోజూ సాయంత్రం ఇద్దర్నీ వరండాలో కూర్చోబెట్టి సాధన చేయించాను. చుట్టూ మిరపకాయ కోసి కల్లాల్లో ఆరబోస్తున్నారు. గాలి తిరిగితే ఘాటుకి ముగ్గురం తుమ్ముకుంటూ, కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుంటూ కూర్చునేవాళ్ళం.

పద్ధతి నేనే చెప్పాను. పెద్ద పిల్ల చెబుతుంది, చిన్న పిల్ల రాస్తుంది. రాశాక కాగితం మీద ఉన్నది ఉన్నట్టు గట్టిగా చదువుతుంది. తడబడిన చోట పెద్ద పిల్ల ఆపుతుంది, అక్కడ ఏముందో ఇద్దరూ చూసుకుంటారు. కళ్ళతో చూసి దిద్దుకునే పనిని చెవులతో చేయించడం అన్నమాట. మొదట్లో రోజూ గొడవే.

"ఆపు. అది నేనన్లేదే" అనేది పెద్ద పిల్ల.

"నువ్వన్నది బాలేదక్కా. గైడులో 'రైతు దేశానికి వెన్నెముక' అని ఉంది, అది రాశా" అనేది చిన్నది.

"వెన్నెముకా గిన్నెముకా నాకెందుకే? మా నాన్న గురించి చెప్తున్నా. బాలేకపోతే బాలేనిదే రాయి. నాది రాయి."

చిన్నది కొట్టేసి మళ్ళీ రాసేది. అలా తీర్చిదిద్దిన వ్యాసం ఒకటి రైతు మీద ఉండేది. అందులో కొన్ని వాక్యాలు నాకిప్పటికీ నోటికి వచ్చు. 'మందు కొట్టిన రోజు మా నాన్న మాకు దూరంగా కూర్చుని అన్నం తింటాడు. చేతులు ఎన్నిసార్లు కడిగినా ముద్ద చేదుగా ఉందంటాడు. మా అమ్మ ఆ చేదు కూరలోది అనుకుని ఇంకొంచెం ఉప్పు వేస్తుంది.' పదిహేనేళ్ళ పిల్ల చెప్పిన మాటలవి. నేను జన్మలో అలాంటి వాక్యం రాయలేదు.

నెల తిరిగేసరికి ఇద్దరికీ జోడీ కుదిరింది. చిన్నది చదువుతూ తన రాత తనకే అర్థంకాక నాలుగు లైన్లకోసారి నీళ్ళు నమిలేది. "నీది రాతా, కోడి గీసిన గీతలా?" అని పెద్దది ఆటపట్టించేది. "నీకు కనపడితే కదక్కా, ఊరికే అంటావ్" అని చిన్నది నోరు జారి, నాలుక కరుచుకుంది. పెద్దది పడీ పడీ నవ్వింది. కళ్ళు పోయాక ఆ పిల్ల అంతలా నవ్వడం నేను చూడటం అదే మొదలు.

తెలుగు పరీక్ష రోజు పక్క ఊరి సెంటర్ దగ్గర, గేటు బయట ఎండలో నిలబడ్డాను. సబ్జెక్టు టీచర్లని లోపలికి రానివ్వరు. వాళ్ళిద్దరికీ వేరే గది ఇచ్చారని, ఇన్విజిలేటరు మంచాయన, చదివి వినిపించుకోవడానికి ఒప్పుకున్నారని ముందే తెలిసింది కాబట్టి ధైర్యంగానే ఉన్నాను. గంట కొట్టాక ఇద్దరూ చేతులు పట్టుకుని వచ్చారు. "రైతు మీదే వచ్చింది టీచర్" అంది చిన్నది. ఆ అమ్మాయి మొహంలో సంతోషం లేదు. వాటర్ బాటిలు నింపుకొస్తానని పంపు దగ్గరికి వెళ్ళిపోయింది.

పెద్ద పిల్ల నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "తను రాసింది అది చదవలేదు టీచర్."

"వినిపించుకోనివ్వలేదా?"

"వినిపించుకోనిచ్చారు. అదీ చదివినట్టే చేసింది. కానీ కాగితం మీదున్నది చదవలా."

"నీకెట్టా తెలుసే?"

"ఎక్కడా తడబడలేదు టీచర్. ఒక్కచోట కూడా. గడగడా వాగులా పోయింది. నేనేం చెప్పానో అదంతా నాకే అప్పజెప్పింది. చదివేవాళ్ళు అట్టా చదవరు." నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. "అందులో ఏం రాసిందో నాకు తెలీదు. ఇచ్చేసొచ్చాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పంపు దగ్గరికి పోయి ఆ చిన్నదాన్ని భుజం పట్టుకుని ఇటు తిప్పాను. నేను నోరు తెరవక ముందే అది భోరుమంది. "గైడులోది రాశాను టీచర్. హెడ్మాస్టర్ సార్ రాయమన్నారు. అక్క ఏం చెప్పినా సరే నీకొచ్చింది రాయి, అక్క చదవమంటే అక్క చెప్పింది చెప్పెయ్ అన్నారు. రాయకపోతే అక్క ఫెయిలై ఏమన్నా చేసుకుంటే నీదే పాపం అన్నారు." కొట్టడానికి లేచిన చెయ్యి దించుకున్నాను. పద్నాలుగేళ్ళ పిల్ల మీద ఎవరైనా మోపగల బరువా అది?

ఆ మధ్యాహ్నమే హెడ్మాస్టరు గారి గదిలోకి వెళ్ళాను. తలుపు కూడా తట్టలేదు.

"అవును మేడం, నేనే చెప్పాను" అన్నారాయన. దాచనైనా దాచలేదు. "మీరు వ్యాసాలు చూస్తారు, నేను పిల్లని చూస్తాను. చూపు లేదు, ఏడాదిన్నరగా పుస్తకం పట్టలేదు. చెప్పింది చెప్పినట్టు రాస్తే పాసవుతుందని మీరు రాసిస్తారా?"

"రాసిస్తాను సార్. సంతకం కూడా పెడతాను."

"మీ సంతకం ఆ పిల్లకి కూడు పెట్టదండీ. పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే రేపు ఏ కోటాలోనో చిన్న ఉద్యోగమైనా వస్తుంది. లేకపోతే ఆ ఇంట్లో మూలన కూర్చుంటుంది." కాస్త ఆగి, గొంతు తగ్గించి అన్నారు. "అయినా ఇది నా ఆలోచన కాదు మేడం. వాళ్ళమ్మ వచ్చి నా కాళ్ళు పట్టుకుంది."

 ఆయన మీద కోపంతో వచ్చాను, ఆ కోపాన్ని ఇప్పుడెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సాయంత్రం బస్సెక్కకుండా కల్లానికి వెళ్ళాను. తల్లి మిగతా కూలోళ్ళతో కలిసి పట్టా మీద కూర్చుని తాలు ఏరుతోంది. రంగు పోయి తెల్లబడిన కాయలు ఒకపక్కకి, ఎర్రటివి ఒకపక్కకి. నన్ను చూడగానే సంగతి అర్థమైనట్టుంది, లేచి పక్కకొచ్చింది.

"ఎందుకు చేశావమ్మా ఇట్టా? పిల్ల బాగా చెప్తోంది. నేను రోజూ వింటున్నా."

"మీరు వింటారు టీచరమ్మా. ఆ పేపరు దిద్దే ఆయన ఎవరో వింటాడా? దాని మాటలు దానికి ముద్దు, మీకు ముద్దు. ఎక్కడో కూర్చున్నాయనకి మా కొంపలో ముద్ద చేదైతే ఏంటి, తీపైతే ఏంటి? గైడులోదైతే ఆయనకి తెలుసుద్ది, మార్కులేస్తాడు." కొంగుతో మొహం తుడుచుకుంది. చేతికున్న ఘాటు తగిలి కళ్ళు ఇంకా కారాయి. "దాని బతుకు నా చేతుల్తో నేనే పాడుచేశా. ఒక్క మంచన్నా చెయ్యనీయండమ్మా. దానికి చెప్పమాకండి, మీకు దణ్ణం పెడతా."

"దానికి తెలుసమ్మా" అన్నాను. "నువ్వని మాత్రం తెలీదు."

ఆవిడ మళ్ళీ వెళ్ళి పట్టా మీద కూర్చుంది. చేతులు ఏరుతూనే ఉన్నాయి.

పై అధికారులకు ఫిర్యాదు చేద్దామని నిశ్చయించుకున్నాను. మర్నాడు పిల్లకి చెప్పాను. 

"చెప్తే దానికేమవుద్ది టీచర్?"

నిజం చెప్పాను. చిన్నదాని మీద మాల్ ప్రాక్టీస్ కేసు రాస్తారు, వచ్చే ఏడాది పరీక్ష రాయనివ్వరేమో. నీది కూడా రద్దవుతుంది.

"మరి దానిచేత ఎవరు చేయించారు? సారా?"

"సారే" అన్నాను. తల్లి పేరెత్తలేదు.

"అయితే వద్దు టీచర్. పరుపులు కుట్టి చదివిస్తున్నాడు వాళ్ళ నాన్న. నేనెందుకు దాని నోట్లో మట్టి కొట్టాల?" అంది. "మిగతావన్నా నాయి నన్ను చెప్పుకోనీయమని సార్‌ని అడగండి చాలు."

అడిగాను. ఆయన సరేనన్నారు. ఆ సరే ఎంత వట్టిదో హిందీ పరీక్ష రోజే తెలిసింది. హిందీ తర్వాత ఇంగ్లీషు, ఇంగ్లీషు తర్వాత లెక్కలు, లెక్కల తర్వాత సైన్సు, అన్నీ అంతే. పిల్ల ప్రతి పరీక్షలో తెలిసినంత చెబుతూనే ఉంది. చెప్పి, చదవమంటూనే ఉంది. ఆ చిన్నది ఒక్కచోటా తడబడకుండా అప్పజెబుతూనే ఉంది. నేను గేటు బయట మింగలేక కక్కలేక నిలబడ్డాను. ఇంటికెళ్ళి మా ఆయన మీద విసుక్కున్నాను. ఆదివారం చర్చిలో కూర్చుంటే ప్రార్థన నోటికి రాలేదు. కోపం ఒక్కటే వచ్చింది.

ఆఖరి రోజు సోషల్. గంట కొట్టాక ముందు చిన్నదే పరిగెత్తుకుంటూ వచ్చింది, ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. "టీచర్, ఇవాళ అక్క ఒక్క ముక్క చెప్పలేదు. ప్రశ్నలు చదివా, పలకలేదు. అక్కా అక్కా అని బతిమాలా. చేతులు కట్టుకుని కూర్చుంది. హెడ్మాస్టర్ సారేమో ఖాళీ పేపరు ఇస్తే ఊరుకోనని ముందే అన్నారు. నేనేం చెయ్యను?"

"ఏం చేశావు?"

"రాశాను టీచర్. అంతా నేనే రాశాను."

వెనకాలే పెద్దది ఇన్విజిలేటరు చెయ్యి పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. "పాపం బంగారు తల్లి, అల్లరీ లేదు ఏమీ లేదు" అని ఆయన నాకప్పగించి వెళ్ళారు. గదిలో ఆ పిల్ల పెదవి కదలలేదని ఆయన గమనించనే లేదో, గమనించి జాలిపడి ఊరుకున్నారో నాకు తెలియదు.

"ఎందుకే ఇట్టా చేశావు?" అన్నాను.

"చూద్దామని టీచర్" అంది. "నేను చెప్పకపోతే పేపరు ఖాళీగా ఉండాలిగా. ఉండిద్దో లేదో చూద్దామని."

 ఆటో దిగేటప్పుడు చిన్నది "అక్కా" అని పిలిచింది. పెద్దది చెయ్యి చాచి దాని తల మీద ఒకసారి నిమిరింది. ఆ పిల్లకి అంత పెద్ద మనసు ఎక్కడినుంచి వచ్చిందో! నాకు లేదు. ఇప్పటికీ ఆ హెడ్మాస్టరు గారు ఎదురైతే నమస్కారం పెడతాను గానీ మొహం చూడను.

ఫలితాలు ఎండలు మండే రోజుల్లో వచ్చాయి. స్కూలు మొత్తం పాస్. హెడ్మాస్టరు గారు మమ్మల్నందర్నీ రమ్మన్నారు. ఆ పిల్లని తీసుకుని తల్లి కూడా వచ్చింది. పెదకాకాని శివాలయానికి వెళ్ళి మొక్కు తీర్చుకుని, గుండు చేయించుకుని, అటునుంచి అటే వచ్చింది. ప్రసాదం అందరికీ పంచుతోంది. ఆ మొహంలో అంత వెలుగు ఆసుపత్రి రోజుల తర్వాత నేను చూడలేదు. ఆవిణ్ణి చూస్తే కోపం తెచ్చుకోవాలన్నా రాలేదు.

పిల్ల నా పక్కన కుర్చీలో కూర్చుని, "మార్కులు చదవండి టీచర్" అంది. ఫోన్లో చూసి ఒక్కొక్కటే చదివాను. తెలుగులో మంచి మార్కులే వచ్చాయి. హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు అన్నీ బాగానే వచ్చాయి. అది తలూపుతూ వింది.

"సోషల్లో?"

నేను చదవలేదు. ఫోను స్క్రీను మీద వేలు పెట్టి ఊరుకున్నాను.

"చెప్పండి టీచర్, పర్లేదు."

చెప్పాను. అన్నిట్లోకీ అదే ఎక్కువ. మా స్కూల్లో ఆ సబ్జెక్టులో అంతకన్నా ఎవరికీ రాలేదు.

 ఆ పిల్ల నావైపు తిరిగి, నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టు, నెమ్మదిగా అడిగింది.

"అయితే మధ్యలో నేనెందుకు టీచర్?"

వాళ్ళమ్మ అప్పటికి హెడ్మాస్టరు గారి చేతిలో ప్రసాదం పెట్టి, చేతులు జోడించి ఆయన ముందు నిలబడి ఉంది.